కృష్ణకు అటొక జీతం, ఇటొక జీతం

ప్రశ్న

గుంటూరు నుంచి ఒక నర్సు రాసిన ఉత్తరం సారాంశం ఇది. తన పేరు, ఆస్పత్రి పేరు ప్రచురించవద్దని ఆమె కోరారు.

ఆమె వయసు 28 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక పల్లెలో పుట్టి, అప్పు చేసి జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నారు. నాలుగేళ్ల ఏడు నెలలుగా విజయవాడ సూర్యారావుపేటలోని 80 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో ఐ.సి.యు. నర్సుగా పనిచేస్తున్నారు. భర్త గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. మూడేళ్ల పాపను అత్తగారు చూసుకుంటారు. రోజూ గుంటూరు నుంచి వెళ్లి రావడానికి మూడు గంటలు పడుతుంది. జీతం 16,500. అందులో పి.ఎఫ్. (భవిష్య నిధి) 1,800, ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 124, వృత్తి పన్ను 150 పోగా చేతికి వచ్చేది 14,426. బస్సులకు, ఆటోలకు, బయట టిఫిన్లకు నెలకు 2,500 దాకా అవుతుంది.

పోయిన నెలలో అదే ఐ.సి.యు.లోకి బి.ఎస్సీ. నర్సింగ్ అప్పుడే పూర్తిచేసిన అమ్మాయిని 18,000కు తీసుకున్నారు. ఆ అమ్మాయికి వెంటిలేటర్ అలారాలు నేర్పుతున్నది ఈమే. ఆ రాత్రి ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చానని రాశారు. ఆ తరువాత వేరే చోట్ల విచారిస్తే రెండు అవకాశాలు కనిపించాయి. గుంటూరు కొత్తపేటలో ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న 22 పడకల నర్సింగ్ హోమ్ డాక్టరు గారు 20,000 ఇస్తామన్నారు; పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లేవు, 'మొత్తం చేతికే' అన్నారు. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో పనిచేసే స్నేహితురాలు తమ దగ్గర 27,000 వస్తుందనీ, భోజనంతో హాస్టల్ 7,500కు దొరుకుతుందనీ చెబుతోంది. భర్త గుంటూరే మేలంటున్నారు. టెక్సాస్‌లో ప్రాక్టికల్ నర్సుగా చేసే దూరపు బంధువు ఒకామె, అక్కడ కూడా డాక్టరు క్లినిక్‌లో కంటే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఎక్కువ ఇస్తారనీ, ఎక్కడ ఎక్కువ ఇస్తే అక్కడికి వెళ్లడంలో తప్పు లేదనీ అన్నారట. ఇప్పటి ఆస్పత్రి వారు చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వారి బీరువాలోనే ఉన్నాయి.

ఆమె అడిగిన ప్రశ్న ఇది: 'నేను పెట్టే ఇంజెక్షను ఒకటే, నేను చూసే పేషెంటు ఒకరే. కృష్ణకు అటు ఒక జీతం, ఇటు ఒక జీతం, హైదరాబాద్‌లో మరొక జీతం ఎందుకు? నా పనికి అసలు ధర ఎంత? నేను ఎటు వెళ్లాలి?'

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి, కొత్తగా వచ్చిన అమ్మాయికి పని నేర్పుతూ ఆమె జీతం మన జీతం కంటే ఎక్కువని తెలియడం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఒక్క మాట ముందే చెబుతాను. ఆ 1,500 తేడా మీ చేతి పనికి కట్టిన ధర కాదు. మీరు నాలుగేళ్ల కిందట చేరినప్పటి అంకె మీద యాజమాన్యం ఏడాదికి కొంత కలుపుతూ వచ్చింది. ఆ అమ్మాయి ఈ ఏడాది బయట నడుస్తున్న రేటుకు చేరింది. చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో జీతం పెరిగేది చేరేటప్పుడే. ఉన్నవాళ్లు అడగరని యాజమాన్యాలకు తెలుసు. ఆ అమ్మాయి మీద మనసులో ఏమీ పెట్టుకోకండి. ఆమెకు 18,000 ఇచ్చారన్న సంగతి, పైకి చెప్పకపోయినా, రేపు ఎంత జీతం అడగాలో తేల్చుకోవడానికి మీకే పనికొస్తుంది.

ఇక జీతాల్లో తేడా ఎందుకన్న మీ ప్రశ్న. ఆస్పత్రికి డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో ముందు చూడాలి. హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రికి ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి, సొంతంగా చెల్లించే రోగుల నుంచి వస్తుంది. మన ప్రాంతపు మధ్యతరహా ఆస్పత్రుల్లో చాలావాటికి ప్రభుత్వ పథకం కింద వచ్చే రోగులే ఆధారం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకంలో ఒక్కో చికిత్సకు ప్యాకేజీ ధర ముందే నిర్ణయమై ఉంటుంది, ఆ డబ్బు చేతికి రావడానికి సమయం పడుతుంది. మందుల బిల్లు, కరెంటు బిల్లు తగ్గించలేని యజమాని తగ్గించగలిగేది మనుషుల జీతమే. దానికి తోడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నర్సింగ్ స్కూళ్లకు, కాలేజీలకు కొదవ లేదు. ఏటా చదువు పూర్తి చేసుకుని వచ్చే పిల్లలు ఎందరో ఉన్నప్పుడు, 'నువ్వు కాకపోతే ఇంకొకరు' అనే మాట యాజమాన్యం నోట తేలిగ్గా వస్తుంది. ఐ.సి.యు. నర్సు విషయంలో మాత్రం ఆ మాట నిజం కాదు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని రాత్రంతా ధైర్యంగా అప్పజెప్పగలిగే నర్సు తయారు కావడానికి నెలలు పడుతుంది. ఆ సంగతి మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు తెలుసు, డాక్టర్లకు తెలుసు.

మూడో కారణం మీలో చాలామందికి తెలియనిది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది కూడా అదే. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం ఒక నిపుణుల కమిటీని వేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో నర్సుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం ఇవ్వాలనీ, 100 దాటితే ఆ జీతానికి 10 శాతానికి మించి తగ్గరాదనీ, 50 నుంచి 100 పడకలుంటే 25 శాతానికి మించి తగ్గరాదనీ, 50 లోపు పడకలున్నా నెలకు 20,000కు తగ్గరాదనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. అంటే ఇన్నేళ్ల తరువాత కూడా, 80 పడకల ఆస్పత్రిలో ఐ.సి.యు. చూస్తున్న మీ జీతం, అప్పట్లో అతి చిన్న ఆస్పత్రికి చెప్పిన కనీసాన్ని అందుకోలేదు. సిఫారసు చట్టం కాదు; దాన్ని అమలు చేయించవలసింది రాష్ట్రాలు. కేరళలో నర్సులు 2017లో సమ్మెకు దిగి పోరాడారు, 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రి నర్సులకు 20,000 కనీస వేతనంగా నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ సిఫారసును చూపి మీ యాజమాన్యాన్ని కోర్టుకు ఈడ్చమని నేను చెప్పడం లేదు. జీతం పెంచమని అడిగేటప్పుడు తల దించుకోనక్కర లేదని మాత్రం చెబుతున్నాను.

టెక్సాస్ బంధువు చెప్పినది నిజమే, అయితే అది అక్కడి నిజం. అమెరికాలో ప్రాక్టికల్ నర్సు అంటే ఏడాదిపాటు శిక్షణ పొంది లైసెన్సు తీసుకుని, రిజిస్టర్డ్ నర్సు కింద పనిచేసేవారు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో వారినే వొకేషనల్ నర్సు అంటారు. 2023 మే నాటి అక్కడి ప్రభుత్వ లెక్కల్లో వారి మధ్యస్థ వార్షిక జీతం 59,730 డాలర్లు. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లు వారి మీద ఎక్కువగా ఆధారపడి నడుస్తాయి కాబట్టి డాక్టరు క్లినిక్ కంటే అక్కడ ఎక్కువ ఇస్తారు. మన గుంటూరులో 'నర్సింగ్ హోమ్' అంటే అది కాదు, ఒక డాక్టరు గారి చిన్న ఆస్పత్రి. పేరు ఒకటే అయినంత మాత్రాన ఆ లెక్క ఇక్కడ సరిపోదు. ఎవరి అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడ జీతం ఎక్కువన్న ఆమె మాటను మాత్రం ఉంచుకోండి.

ఇప్పుడు మీ మూడు జీతాలను ఒకే కాగితం మీద పెట్టి చూద్దాం. ఇప్పుడు మీకు దారి ఖర్చులు పోగా మిగిలేది 11,926. హైదరాబాద్‌లో 27,000కు పి.ఎఫ్. 1,800, వృత్తి పన్ను 200 పోతే 25,000. హాస్టల్ 7,500, నెలకు రెండుసార్లు పాపను చూడడానికి వచ్చి వెళ్లే ఖర్చు కనీసం 2,000 తీసేస్తే 15,500. అంటే పాపను వదిలి ఉన్నందుకు మీకు అదనంగా మిగిలేది సుమారు 3,600. దూరం నుంచి 10,500 తేడాగా కనిపించినది దగ్గరికి వచ్చేసరికి ఇంతే. పైగా ఇ.ఎస్.ఐ. పరిమితి 21,000 కాబట్టి హైదరాబాద్‌లో మీకు ఇ.ఎస్.ఐ. ఉండదు. కుటుంబం అంతా తరలి వెళ్తే ఇంటి అద్దె మీద పడుతుంది. మిర్చి యార్డు పని హైదరాబాద్‌లో దొరకదు. అలాగని ఆ దారి మూసేయమని చెప్పను. పెద్ద ఆస్పత్రి పేరు, అక్కడ నేర్చుకునే పని ముందుముందు గల్ఫ్‌కో, మరో దేశానికో వెళ్లాలనుకునేవారికి చాలా పనికొస్తాయి. మీ ఉత్తరంలో అలాంటి కోరిక ఎక్కడా కనిపించలేదు కనుక ఈ దారి గురించి ఇంతకంటే రాయను.

గుంటూరు నర్సింగ్ హోమ్‌లో 20,000లో వృత్తి పన్ను పోగా 19,850 చేతికి వస్తుంది, దారి ఖర్చు లేదు. ఇప్పటికంటే 7,924 ఎక్కువ. మీ భర్త చెబుతున్నది ఈ లెక్కే, అందులో తప్పు లేదు. కాకపోతే ఆయనకు కనిపించని అంకెలు కొన్ని మీ పే స్లిప్పులో ఉన్నాయి. మీ 1,800కు తోడు యాజమాన్యం మరో 1,800 కడుతుంది; ఆ మొత్తంలో 2,350 మీ పి.ఎఫ్. ఖాతాలోకి, 1,250 పెన్షన్ నిధికి వెళ్తాయి. దాన్ని కలిపి చూస్తే అసలు తేడా నెలకు 4,300 చిల్లర. ఆ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు దాదాపు సగం అయింది. పాప పుట్టినప్పుడు 26 వారాల జీతం ఇచ్చింది ఇ.ఎస్.ఐ.యే కదా, రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఆ సంగతి లెక్కలోకి తీసుకోండి.

'మొత్తం చేతికే' అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే ఆస్పత్రి ఇ.ఎస్.ఐ. పరిధిలోకి వస్తుంది, ఇరవై మంది ఉంటే పి.ఎఫ్. పరిధిలోకి వస్తుంది. 22 పడకల చోట నర్సులు, ఆయాలు, ల్యాబు, మందుల షాపు, రిసెప్షన్ అందరినీ కలిపితే పది మంది కంటే తక్కువ ఉంటారంటే నమ్మడం కష్టం. కాబట్టి అది డాక్టరు గారు మీకు చేస్తున్న మేలు కాదు, ఆయన కట్టవలసిన వాటా మిగుల్చుకోవడం. చేరే ముందు మర్యాదగానే అడగండి: 'సార్, ఇ.ఎస్.ఐ.లో నా పేరు కొనసాగిస్తారా?' ఆయన ఒప్పుకుంటే ఈ దారికి ఉన్న పెద్ద లోపం ఒకటి తీరుతుంది. ఒప్పుకోకపోతే, రేపు ఒంట్లో బాగాలేక పది రోజులు సెలవు పెట్టినప్పుడు ఆయన ఎలా ఉంటారో ఇప్పుడే తెలిసిపోతుంది.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటుంది. మీకు 28 ఏళ్లు. మీరు రోజూ ఎక్కే బస్సు మంగళగిరి మీదుగానే వెళ్తుంది. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసరు మూల వేతనమే 44,900, దాని మీద కరవు భత్యం, నర్సింగ్ అలవెన్సు అదనం. ఎయిమ్స్ ఉద్యోగాలకు జరిగే ఉమ్మడి పరీక్ష నార్సెట్‌కు జి.ఎన్.ఎం. వారూ అర్హులే, షరతు ఏమిటంటే, కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. వయసు 30 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతున్నారు, కాబట్టి సడలింపు లేకున్నా మీకు మూడు ప్రయత్నాల దాకా మిగిలి ఉండవచ్చు. 80 శాతం పోస్టులు మహిళలకే. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ రాయాలి, తప్పు జవాబుకు మార్కులు పోతాయి, పోటీ దేశమంతటి నుంచి ఉంటుంది. పాసైనా మంగళగిరే వస్తుందన్న హామీ లేదు; ర్యాంకును బట్టి దేవఘర్ కావచ్చు, గోరఖ్‌పూర్ కావచ్చు. రైల్వేలో నర్సింగ్ సూపరింటెండెంట్ ఉద్యోగానికీ అదే 44,900 మూల వేతనం, జి.ఎన్.ఎం. చాలు, వయసు పరిమితి ఇంకా ఎక్కువ. 2024లో ఒక్క ప్రకటనలోనే 713 పోస్టులు వేశారు. రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు నియామకాల్లో చదువులో వచ్చిన మార్కులకు పెద్ద బరువు ఉంటుంది, పాసై గడిచిన ప్రతి ఏడాదికీ కొంత కలుస్తుంది. ఇంతవరకూ జరిగిన నియామకాల్లో ఉమ్మడి గుంటూరు జిల్లా ఒక జోన్‌లో, ఉమ్మడి కృష్ణా జిల్లా మరో జోన్‌లో ఉంటూ వచ్చాయి. మీరు ఎక్కడ బడిలో చదివితే అక్కడే స్థానికులు, ఎక్కడ పనిచేస్తున్నారన్నది దానికి సంబంధం లేదు.

ఈ సంగతి తెలిశాక మీ మూడు దారుల రూపం మారుతుంది. 50 పడకల నిబంధన వల్ల, జి.ఎన్.ఎం. పూర్తిచేసి నేరుగా చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరిన అమ్మాయి పదేళ్లు పనిచేసినా నార్సెట్‌కు అర్హురాలు కాదు. మీరు ఇప్పటికే నాలుగేళ్లకు పైగా 80 పడకల చోట చేశారు. ఆ అనుభవం మీది. దాన్ని రాతలో తీసుకుని వస్తే చిన్న ఆస్పత్రికి మారినా పోదు. రోజుకు మూడు గంటల ప్రయాణం అంటే, నెలకు 26 డ్యూటీలకు 78 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలు దాదాపు పది. గుంటూరుకు మారితే మీకు దొరికే అసలు లాభం 4,300 కాదు, ఈ 78 గంటలు. అందులో సగం పాపకు, సగం చదువుకు పెట్టగలిగితే ఆ నర్సింగ్ హోమ్ మీకు ఏడాదిన్నర, రెండేళ్ల మజిలీ అవుతుంది. చదువు సంగతి వదిలేసి అక్కడే ఉండిపోతే ఐ.సి.యు. చేయి మొద్దుబారుతుంది. మూడేళ్ల తరువాత మళ్లీ పెద్ద ఆస్పత్రికి వెళ్లాలంటే 'ఈ మధ్య ఐ.సి.యు. చేశారా' అని అడుగుతారు. అది ఆ దారికి ఉన్న అసలు ప్రమాదం, ఇది మీ భర్తకు కూడా చెప్పండి. ఆయన గుంటూరు అంటున్నది మీ అలసట చూసి కావచ్చు. సాయంత్రం రెండు గంటలు పాపను తాను చూసుకోగలరా అని అడగండి. ఆయన జవాబును బట్టి ఈ దారి మంచిదో కాదో సగం తేలుతుంది.

ఉన్నచోటే ఉండి జీతం పెంచమని అడగడం మరో మార్గం. నోటిమాటగా కాక, ఒక పేజీ రాసి నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా హెచ్.ఆర్.కు ఇవ్వండి. ఎన్నేళ్లుగా ఐ.సి.యు. చూస్తున్నారో, ఎంతమందికి పని నేర్పారో, రాత్రి డ్యూటీలు నెలకు ఎన్ని చేస్తున్నారో అందులో ఉండాలి. 20,000 అడగండి. ఆ జీతానికి మీ ఇ.ఎస్.ఐ. కూడా నిలుస్తుంది. జీతం అంత పెంచలేమంటే నైట్ అలవెన్సు అడగండి; అదీ కాదంటే డ్యూటీలు వరుసగా వేసి, ప్రయాణం రోజులు తగ్గించమనండి. హైదరాబాద్ వెళ్లిపోతానన్న బెదిరింపు మాత్రం, వెళ్లడానికి నిజంగా సిద్ధమైతే తప్ప, వాడకండి. 'సరే వెళ్లండి' అంటే మీ దగ్గర మాట ఉండదు. ఆ కొత్త అమ్మాయి పేరు ఎత్తవద్దు, ఆమె జీతం మీకు ఎలా తెలిసిందన్న ప్రశ్నలోకి సంగతి మళ్లుతుంది.

ఏ దారి ఎంచుకున్నా తొందరపడి ఈ నెలలోనే రాజీనామా ఇవ్వడం వల్ల మీకు కచ్చితమైన నష్టం ఒకటుంది. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: చివరి మూల వేతనంలో 15 రోజుల మొత్తం, నెలను 26 రోజులుగా లెక్కగట్టి, ఎన్నేళ్లు చేస్తే అన్ని రెట్లు. మీ మూల వేతనం 15,000 అనుకుంటే అది 43,269. మీ చదువు అప్పులో ఎంత మిగిలిందో రాయలేదు గానీ, ఐదు నెలలు ఓపిక పడితే వచ్చే ఈ డబ్బు వదులుకోదగినది కాదు. కొత్తపేట డాక్టరు గారిని ఐదు నెలలు ఆగమని అడగండి. ఆయన ఆగకపోతే, అనుభవం ఉన్న ఐ.సి.యు. నర్సు కోసం చూసే నర్సింగ్ హోమ్ గుంటూరులో అదొక్కటే కాదు.

ఈ ఐదు నెలల్లో ముందుగా చేయవలసిన పని ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవడం. మీ జి.ఎన్.ఎం. సర్టిఫికెట్టు, కౌన్సిల్ రిజిస్ట్రేషను మీ ఆస్తి. చేరేటప్పుడు చూసి నకలు ఉంచుకోవచ్చు గానీ, నర్సు కదలకుండా తాకట్టులాగా బీరువాలో పెట్టుకునే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు. రాజీనామా మాట రాకముందే అడిగితే తేలిక: పరీక్షకు దరఖాస్తు చేయాలి, సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్ కావాలి అని రాసి ఇవ్వండి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. అది అబద్ధం కూడా కాదు. ఇవ్వకపోతే అదే కాగితంతో కార్మిక శాఖ అధికారి దగ్గరికి, నర్సింగ్ కౌన్సిల్ దగ్గరికి వెళ్లవచ్చు. లాయరు నోటీసు ఆ తరువాతి మెట్టు. ఈ పని చేస్తే కొన్నాళ్లు మీ మీద ముఖం మాడ్చుకుంటారు, డ్యూటీలు కష్టంగా పడవచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి.

అనుభవ పత్రం విషయంలో కూడా 'ఈమె మా దగ్గర స్టాఫ్ నర్సుగా పనిచేశారు, ప్రవర్తన బాగుంది' అన్న రెండు వాక్యాలతో సరిపెట్టుకోకండి. చేరిన తేదీ, వదిలిన తేదీ, పని చేసిన విభాగం ఐ.సి.యు. అని, ఆస్పత్రి పడకల సంఖ్య 80 అని, ఆస్పత్రి రిజిస్ట్రేషన్ నంబరుతో సహా లెటర్‌హెడ్ మీద ఉండాలి. పడకల సంఖ్య లేని పత్రం పట్టుకుని పరిశీలన రోజున నిలబడి, మళ్లీ పాత ఆస్పత్రి చుట్టూ తిరిగిన అమ్మాయిలను నేను చూశాను. మీరు ఇంకా అక్కడ పనిచేస్తూ ఉండగానే, సూపరింటెండెంట్ గారితో మాట మంచిగా ఉండగానే ఆ పత్రం నమూనా మీరే టైపు చేయించి తీసుకువెళ్లండి.